ఇన్సెంటివ్ పెట్టాక సెట్టర్లు మానేశారు: ఏ మోటివేషన్ థియరీ పట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బెంగళూరు పీణ్యలో లేత్ మెషిన్ల మీద లోహపు భాగాలు తీసే, 45 మంది పనిచేసే టర్నింగ్ షాపుకి మీరు ప్రొడక్షన్ మేనేజర్. షిఫ్టుకి 90 పీసులు దాటితే పైన తీసిన ప్రతి పీసుకీ 3 రూపాయలని ఇన్సెంటివ్ పెట్టారు. మొదటి నెల ప్రొడక్షన్ లేచింది. మూడో నెలకొచ్చేసరికి రిజెక్షన్ 1.5% నుంచి 4%కి పోయింది. మెషిన్‌ని ఒక్కో జాబ్‌కీ సిద్ధం చేసి సైజు కుదిర్చే ఐదుగురు సెట్టర్లలో ఇద్దరు, అదీ చెయ్యి తిరిగినవాళ్ళు, మానేశారు. ఓనరేమో "డబ్బులిచ్చినా వీళ్ళింతే" అంటున్నారు. ఎంబీఏలో చదువుకున్న మాస్లో, హెర్జ్‌బర్గ్, వ్రూమ్‌లలో ఎవరి థియరీ పట్టుకుంటే ఇది గాడిన పడుతుందని అడిగారు.

ఒక్కటే పట్టుకోవద్దు. ఇవి సిద్ధాంతాలుగా కాక గేజ్‌లుగా, అంటే కొలిచే పనిముట్లుగా వాడితేనే పనికొస్తాయి. బోరుకి ఒక గేజ్, థ్రెడ్‌కి ఒక గేజ్ ఉన్నట్టే, ఒక్కో థియరీ ఒక్కో రకం తప్పుని పట్టిస్తుంది. మీ కేసులో సెట్టర్ల సంగతి ఆడమ్స్‌తో తేలుతుంది, ఆపరేటర్ల సంగతి వ్రూమ్‌తో తేలుతుంది. ఆ రెండూ సరిచేశాక టార్గెట్లు ఎలా పెట్టాలో ఎడ్విన్ లాక్ చెబుతాడు. పీసుకి 3 రూపాయల లెక్క మాత్రం ఆపాల్సిందే. ఎలా ఆపాలన్నది కింద రాశాను, అది చదవకుండా రేపే నోటీస్ అంటించకండి.

ముందు సెట్టర్లు. జె. స్టేసీ ఆడమ్స్ 1960లలో చెప్పిన ఈక్విటీ థియరీ సారం ఇంతే: మనిషి తనకొచ్చే జీతాన్ని విడిగా చూసుకోడు. తాను పెట్టేదానికీ వచ్చేదానికీ ఉన్న నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుంటాడు. తేడా కనిపిస్తే పని తగ్గిస్తాడు, లేదా గొడవపడతాడు, లేదా వెళ్ళిపోతాడు.

మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. ఆపరేటర్‌కి 19,000, సెట్టర్‌కి 27,000. తేడా 8,000. లాంగ్ రన్ జాబ్ (సెట్టింగ్ మారకుండా షిఫ్టంతా నడిచేది) దొరికిన ఆపరేటర్ రోజుకి 115 పీసులు తీస్తే 25 పీసుల మీద 75 రూపాయలు, 26 రోజులకి 1,950. అతనికి నెలలో 20 గంటల ఓవర్‌టైమ్ (ఓటీ) పడిందనుకోండి. చట్టం ప్రకారం ఓటీ రెట్టింపు రేటు కాబట్టి గంటకి సుమారు 183, మొత్తం 3,650 దాకా వస్తుంది. అంటే ఆ నెల అతని చేతికి 24,600. సెట్టర్‌ని మీరు "స్టాఫ్" కింద రాశారు కాబట్టి అతనికి ఓటీ లేదు, ఇన్సెంటివ్ లేదు. 8,000 తేడా కాస్తా 2,400కి పడిపోయింది. (స్టాఫ్ అని పేరు పెట్టినంత మాత్రాన ఓటీ హక్కు పోతుందా లేదా అన్నది మీ పీఎఫ్ కన్సల్టెంట్‌ని విడిగా అడగండి. అది మోటివేషన్ ప్రశ్న కాదు, చట్టం ప్రశ్న.)

సగం కథే ఇది. రెండో సగం అతను పెట్టే పని. ఇన్సెంటివ్ వచ్చాక ఆపరేటర్లు స్పీడ్ పెంచారు, ఇన్సర్ట్‌లు (కోసే టూల్ మొనలు) త్వరగా పోతున్నాయి, సైజు జరుగుతోంది. ఆఫ్‌సెట్ (సైజు కోసం మెషిన్‌లో పెట్టే టూల్ సవరణ) సరిచెయ్యడానికి షిఫ్టుకి నాలుగుసార్లు కాదు, పదిసార్లు సెట్టర్‌ని పిలుస్తారు. రిజెక్షన్ మీటింగ్‌లో నిలబడేది అతనే. రాత్రి 11కి ఫోన్ వెళ్ళేదీ అతనికే. మీ స్కీమ్ సెట్టర్ పనిని పెంచి, ఆ డబ్బుని ఇంకొకరికి ఇచ్చింది. మంచివాళ్ళే ముందు పోతారు, ఎందుకంటే ఎదురుగా ఉన్న షెడ్డులో వాళ్ళకి మర్నాడే ఉద్యోగం దొరుకుతుంది. చెయ్యి తిరగనివాడు ఉండిపోతాడు, అతనుండటం విధేయత అనుకోవద్దు.

ఆడమ్స్ దగ్గర ఇంకో పాయింట్ ఉంది, బెంగళూరులో తెలుగు మేనేజర్లు దీన్ని తరచూ చూసుకోరు. పోలిక జీతంతో ఆగదు, జాబ్ కేటాయింపు దాకా వెళ్తుంది. మీ స్కీమ్‌లో లాంగ్ రన్ జాబ్ అంటే డబ్బు. మీరు మదనపల్లె కుర్రాడితో తెలుగులో మాట్లాడి అతనికే ఆ జాబ్ ఇచ్చారనుకోండి, మీ దృష్టిలో అతను ఆ జాబ్ బాగా చేస్తాడు, అంతే. హాసన్ నుంచి వచ్చినవాడికి, ఒడిశా నుంచి వచ్చినవాడికి మాత్రం "వాళ్ళవాళ్ళకే ఇచ్చుకుంటున్నాడు" అని కనిపిస్తుంది. మీ మనసులో ఏముందన్నది లెక్కలోకి రాదు. గత మూడు నెలల జాబ్ కార్డులు తీసి, ఎవరికి ఎన్ని షిఫ్టులు లాంగ్ రన్ పడిందో ఒక కాగితం మీద రాయండి. మీకే ఆశ్చర్యంగా ఉండొచ్చు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్ళు అదే మెషిన్ మీద అదే పని చేస్తూ స్కీమ్‌లో లేకపోతే, అదీ ఇదే ఖాతాలో రాసుకోండి.

ఇక ఆపరేటర్లు. విక్టర్ వ్రూమ్ 1964లో చెప్పినదాన్ని క్లాసులో ఫార్ములాగా చెప్పి వదిలేస్తారు. షాపులో అది మూడు మామూలు ప్రశ్నలు. కష్టపడితే ఆ నంబర్ వస్తుందా? నంబర్ వస్తే డబ్బు వస్తుందన్న నమ్మకం ఉందా? ఆ డబ్బు అతనికి లెక్కలోకొచ్చేదేనా? మూడూ గుణకారంలో ఉన్నాయి, కూడికలో లేవు. ఒకటి సున్నా అయితే మిగతా రెండూ ఎంత ఉన్నా జవాబు సున్నాయే.

మొదటి ప్రశ్న దగ్గరే మీ స్కీమ్ విరిగింది. షిఫ్ట్ 480 నిమిషాలు. అరగంట భోజనం, రెండు టీలు పదేసి నిమిషాలు తీస్తే 430. లోడింగుతో కలిపి సైకిల్, అంటే ఒక్కో పీసుకి పట్టే సమయం, 4 నిమిషాలైతే, ఎక్కడా ఆగకుండా పోతే 107 పీసులు. 85% పట్టుకుంటే 91. అంటే మీ 90 అంకె జాబ్ మార్పు లేని షిఫ్టుకే సరిపోతుంది. మధ్యలో ఒక్క సెట్టింగ్ మారిందనుకోండి, దానికి 70 నిమిషాలు పోతే మిగిలేది 360, దాని మీద 85% అంటే 76 పీసులు. చిన్న బ్యాచ్‌లు పడే ఆపరేటర్ తల్లకిందులుగా తపస్సు చేసినా 90 దాటలేడు. అతనికి స్కీమ్ ఉన్నా లేనట్టే. ఇంకా చెప్పాలంటే లేనిదానికన్నా అన్యాయం, ఎందుకంటే పక్కవాడికి రావడం కళ్ళారా చూస్తున్నాడు.

మరి 115 తీసినవాడు ఎలా తీశాడు? 107 పైన రావాలంటే చేతివేగం చాలదు. ప్యానెల్ మీద ఫీడ్‌ని (టూల్ ముందుకు కదిలే వేగాన్ని) పెంచే, తగ్గించే ఓవర్‌రైడ్ నాబ్ ఉంటుంది కదా, దాన్ని 120 శాతానికి తిప్పుతాడు. 240 సెకన్ల సైకిల్‌లో 40 లోడింగ్, 200 కటింగ్ అనుకుంటే, కటింగ్ 167కి దిగుతుంది. మొత్తం 207 సెకన్లు. 430 నిమిషాల్లో 124 పీసుల దాకా తియ్యొచ్చు. మీరు రౌండ్‌కి వస్తున్నారని దూరం నుంచి తెలియగానే నాబ్ తిరిగి 100కి వస్తుంది. టర్నింగ్‌లో ఫినిష్ గరుకుదనం ఫీడ్ వర్గంతో పెరుగుతుంది: 1.2ని 1.2తో గుణిస్తే 1.44. అంటే 1.6 ఆర్‌ఏ (గరుకుదనం కొలత) వచ్చే చోట 2.3 వస్తుంది. మీ డ్రాయింగ్‌లో 1.6 అని ఉంటే ఆ 4% రిజెక్షన్ ఎక్కడిదో వేరే వెతకనక్కర్లేదు. ఇన్సర్ట్ స్టోర్ రిజిస్టర్ కూడా తిరగేయండి, స్కీమ్ మొదలైన నెల నుంచి ఇన్సర్ట్‌ల ఖర్చు లేచే ఉంటుంది.

ఇక్కడో చిన్న మాట. పీస్ లెక్కన రేటు మార్చి ఇచ్చే పద్ధతిని 1895లో ప్రచారంలో పెట్టిన ఫ్రెడరిక్ టేలర్, కటింగ్ స్పీడ్ పెరిగితే టూల్ ఆయువు ఎలా పడిపోతుందో సమీకరణం రాసిన టేలర్, ఒక్కడే. మీ షాపు గోడ మీది ఇన్సెంటివ్ చార్టూ, టూల్ కేటలాగ్‌లోని టూల్ లైఫ్ టేబులూ ఒకే మనిషి నుంచి వచ్చాయి. మొదటిది పెట్టేటప్పుడు రెండోది మర్చిపోతే జరిగేదే మీకు జరిగింది.

రెండో ప్రశ్న, నమ్మకం. ఎంత వస్తుందో ఆపరేటర్ తనే లెక్కేసుకోగలగాలి. "మేనేజ్‌మెంట్ నిర్ణయమే అంతిమం" అన్న లైన్ మీ నోటీసులో ఉంటే వ్రూమ్ గొలుసు అక్కడే తెగింది. ఎవరైనా బాగా సంపాదించగానే టార్గెట్ 90 నుంచి 100కి పెంచడం ఇంకో తప్పు. ఒక్కసారి పెంచితే చాలు, ఆ తర్వాత ఎవరూ నిజమైన వేగం చూపించరు. 93 దగ్గర అందరూ ఆగిపోతారు, ఎక్కువ తీసినవాడికి మిగతావాళ్ళే టీ దగ్గర నచ్చజెబుతారు.

మూడో ప్రశ్నకి జవాబు మనిషి మనిషికీ మారుతుంది. ఇంటికి కిస్తీ కట్టేవాడికి 1,950 పెద్ద మాట. పెళ్ళికాని అనంతపురం కుర్రాడికి సంక్రాంతికి వరసగా ఐదు రోజుల సెలవు కావాలి, బిహార్ నుంచి వచ్చినవాడికి ఛఠ్‌కి పది రోజులు కావాలి, రైల్లోనే నాలుగు రోజులు పోతాయి. అడగండి. పది నిమిషాల పని.

ఇప్పుడు హెర్జ్‌బర్గ్. 1959లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి రాసింది: జీతం, సూపర్‌విజన్, పని పరిస్థితులు బాగుండకపోతే అసంతృప్తి, బాగుంటే అసంతృప్తి లేకపోవడం మాత్రమే. పని చెయ్యాలన్న ఉత్సాహం పని నుంచి, గుర్తింపు నుంచి, ఎదుగుదల నుంచి వస్తుంది. అడిగిన పద్ధతిలోనే ఒక లొసుగుంది. మంచి జరిగితే "నావల్ల", చెడు జరిగితే "కంపెనీవల్ల" అనడం మనుషుల స్వభావం, కాబట్టి రెండు ఖాతాలుగా విడిపోయినట్టు కనిపిస్తుంది. పైగా అక్కడ మెషిన్ ఆపరేటర్లు లేరు. అందుకే "జీతం మోటివేట్ చెయ్యదు" అని మీ ఓనర్‌కి హెర్జ్‌బర్గ్‌ని చూపించకండి, ఆయనకి కావాల్సిన మాటే అది.

కానీ ఒక గేజ్‌గా హెర్జ్‌బర్గ్ ఇప్పటికీ బాగా పనిచేస్తాడు: ఏది ఇస్తే ఎవరూ పొగడరో, ఆపితే అందరూ తిడతారో, అది మొదటి ఖాతా. దీపావళి బోనస్ ఆ ఖాతాలోదే. చట్ట ప్రకారం కనీసం 8.33%, గరిష్ఠంగా 20%. దాన్ని ప్రోత్సాహకంగా ప్రకటించుకోవద్దు, అది వాళ్ళ హక్కని వాళ్ళకి తెలుసు. పండగకి రెండు రోజుల ముందు పడాల్సింది పండగ తర్వాత పడితే మాత్రం ఏడాదంతా గుర్తుంటుంది. ఆయుధపూజ స్వీట్ బాక్స్ కిలో నుంచి అరకిలో అయినా అంతే. 7వ తారీఖులోపు జీతం, తాగునీరు, టాయిలెట్, కూలెంట్ వాసన, రెండో షిఫ్టు వదిలాక బస్సు దొరకడం, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. వేడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలో, పాత లైట్ల బదులు తక్కువ వేడి పుట్టించే ఎల్ఈడీలు పెడితే ఎండ రోజుల్లో కుట్టేవాళ్ళ సామర్థ్యం మెరుగుపడింది. కరెంటు బిల్లు కోసం పెట్టిన లైట్లు ప్రొడక్షన్ కూడా పెంచాయి. ఏప్రిల్ మధ్యాహ్నం మీ రేకుల షెడ్డులో థర్మామీటర్ పెట్టి చూశాక ఎవరికి మోటివేషన్ లేదో మాట్లాడుకోవచ్చు.

మాస్లో దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, అది తర్వాతివాళ్ళు గీసింది. మెట్టు తర్వాత మెట్టు, అంటే కింది అవసరం తీరాకే పైది, అన్న వరసకి మినహాయింపులుంటాయని ఆయనే రాశాడు. పీణ్యలో ఒక గదిలో నలుగురు పడుకునే కుర్రాడు కూడా పేరు పెట్టి పిలిచి మర్యాద ఇవ్వకపోతే మానేస్తాడు. కడుపు నిండాకే గౌరవం అన్న లెక్క ఇక్కడ నడవదు.

సరే, స్కీమ్ ఎలా మార్చాలి. పీసులు లెక్కపెట్టడం మానేసి నిమిషాలు లెక్కపెట్టండి.

ప్రతి జాబ్‌కీ స్టాండర్డ్ టైమ్ కొలవండి. నాబ్ 100 మీద ఉండాలి, ఆపరేటర్ మామూలువాడై ఉండాలి (మీ హీరో కాదు), పది సైకిళ్ళు స్టాప్‌వాచ్‌తో, లోడింగుతో కలిపి. సెట్టింగ్‌కి విడిగా స్టాండర్డ్ నిమిషాలు. అతని తప్పు కాని ఆగుదల, అంటే కరెంటు, మెటీరియల్ రాకపోవడం, ఇన్స్పెక్షన్ కోసం ఆగడం, సూపర్‌వైజర్ సంతకంతో కలపండి. మంచి పీసుల నిమిషాలు, సెట్టింగ్ నిమిషాలు, ఈ ఆగుదల, మూడూ కూడి 430తో భాగించండి.

లాంగ్ రన్ ఆపరేటర్ 104 తీసి అందులో 4 రిజెక్ట్ అయితే, 100 మంచి పీసులు, 400 నిమిషాలు, 93%. చిన్న బ్యాచ్ ఆపరేటర్ 80 మంచి పీసులు తీశాడు, అంటే 320. సెట్టింగ్ 70. కరెంటు 20. మొత్తం 410, అంటే 95%. పాత స్కీమ్‌లో మొదటివాడికి 42 రూపాయలు, రెండోవాడికి సున్నా. కొత్త లెక్కలో రెండోవాడే ముందున్నాడు. నిజంగా ఆ రోజు బాగా పనిచేసింది కూడా అతనే.

85% పైన ఒక్కో శాతానికీ రోజుకి 8 రూపాయలు, 100% దగ్గర ఆపెయ్యండి. అంటే గరిష్ఠంగా రోజుకి 120, నెలకి 3,120. పైహద్దు లేకపోతే నాబ్ మళ్ళీ తిరుగుతుంది. నాబ్ 100 దాటకుండా మెషిన్ సర్వీస్‌వాళ్ళ చేత సెట్ చేయించండి. తగ్గించే దారి మాత్రం మూయకండి, టూల్ అరుస్తున్నప్పుడు ఆపరేటర్ ఫీడ్ తగ్గించగలగాలి.

డబ్బు మనిషికి కాదు, సెల్‌కి ఇవ్వండి: నాలుగు మెషీన్లు, వాటి ఆపరేటర్లు, ఒక సెట్టర్. ఆపరేటర్‌కి 1 వాటా అయితే సెట్టర్‌కి 1.25. ఇప్పుడు సెట్టింగ్ త్వరగా అవ్వడం, సైజు నిలవడం అందరికీ కావాలి. షాపంతా ఒకే గుంపుగా పెట్టొద్దు. 45 మందిలో నా కష్టం నా డబ్బులో ఎక్కడా కనిపించదు, వ్రూమ్ మొదటి ప్రశ్న మళ్ళీ సున్నా అవుతుంది. ఐదారుగురైతే కనిపిస్తుంది.

సెల్ రిజెక్షన్ వారంలో 2% దాటితే ఆ వారం ఇన్సెంటివ్ సగమే. ఈ నియమం పెట్టగానే జరిగేది ఒకటి చెబుతాను: రిజెక్ట్ పీసులు చిప్స్ (కోసినప్పుడు రాలే లోహపు చెక్కుల) ట్రాలీలో అడుగున దాక్కుంటాయి. మెలికలు తిరిగిన చిప్స్ కింద, కూలెంట్‌లో మునిగి, స్క్రాప్‌వాడి లారీ ఎక్కేదాకా కనిపించవు. దీనికి మందు తిట్లు కాదు, లెక్క. స్టోర్ నుంచి ఇచ్చిన బ్లాంకులు (ఇంకా కొయ్యని ముక్కలు) = మంచివి + రిజెక్ట్‌లు వేసే ఎర్ర బిన్‌లోవి + మెషిన్ దగ్గర మిగిలినవి. షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరు ఆపరేటర్లూ కలిసి లెక్కపెట్టి సంతకం చెయ్యాలి. సెటప్ పీసులని, అంటే సెట్టింగ్ తర్వాత మొదటి రెండు మూడింటిని, రిజెక్షన్‌లో కలపకండి. కలిపితే సెట్టర్ పాత ఆఫ్‌సెట్‌తోనే తోసేస్తాడు.

ఇన్సెంటివ్ మొత్తం పెంచితే ఇంకా బాగా చేస్తారా అని ఓనర్ అడుగుతారు. మన పక్క రాష్ట్రంలోనే, మదురై దగ్గర, ప్రవర్తనా ఆర్థికవేత్త డాన్ ఏరియలీ బృందం దీన్నే పరీక్షించింది. ఆటల్లాంటి పనులిచ్చి, ఒక్కో ఆటకి కొందరికి గరిష్ఠంగా 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400 పెట్టారు. 400 వాళ్ళే అందరికన్నా తక్కువ చేశారు. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. చూపు, ఏకాగ్రత, సున్నితమైన చెయ్యి కావాల్సిన పనిలో పెద్ద మొత్తం వేలాడదీస్తే చెయ్యి వణుకుతుంది. సెట్టింగ్ సరిగ్గా అలాంటి పనే. "ఈ లాట్ రేపు పొద్దున్నకల్లా పంపితే 5,000" అన్న మాట సెట్టర్‌తో అనకండి.

టార్గెట్ల గురించి. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పాటు చూపించింది: స్పష్టమైన, కాస్త కష్టమైన టార్గెట్ "వీలైనంత బాగా చెయ్యండి" కన్నా బాగా పనిచేస్తుంది. 1975లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఓక్లహోమాలో దుంగలు మోసే లారీలు చట్టం అనుమతించే బరువులో 60% దాకానే నింపుకుని వెళ్తుండేవి. 94% అని టార్గెట్ పెట్టాక కొన్ని నెలల్లో 90% దాటాయి, అదనపు డబ్బేమీ లేకుండానే. షరతులున్నాయి: డ్రైవర్‌కి అది చేతనయ్యే పని, ఎంత నింపాడో అక్కడికక్కడే తెలుస్తుంది, అందుకోకపోతే శిక్ష లేదని ముందే చెప్పారు. ఆ మూడూ లేకుండా నంబర్ మాత్రం పట్టుకుంటే ఏమవుతుందో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో చూపించింది. ఒక్కో ఖాతాదారుకీ ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలన్న ఒత్తిడిలో ఉద్యోగులు అడగకుండానే ఖాతాలు తెరిచేశారు, 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

మీ ఆపరేటర్లకి నిమిషాల శాతం టార్గెట్‌గా పెట్టండి. సెట్టర్లకి మాత్రం మొదట్లో "70 నిమిషాల సెట్టింగ్ 50కి రావాలి" అనకండి. "ఈ నెల సెట్టింగ్‌లో సమయం తినేవి మూడు కనిపెట్టండి" అనండి. టూల్ వెతుక్కోవడం, జా బోరింగ్ (పీసుని పట్టే దవడలని సైజుకి కోసుకోవడం), మొదటి పీసు అప్రూవల్ కోసం క్వాలిటీ మనిషి వెనక తిరగడం, సాధారణంగా ఇవే బయటపడతాయి. ఇందులో చివరిది మీ చేతిలో ఉంది, సెట్టర్ చేతిలో లేదు.

ప్రతి సెల్ దగ్గరా గంట గంటకీ బోర్డు పెట్టండి: గంట, అనుకున్నది, వచ్చింది, ఆగిన కారణం. నాలుగు గడులు చాలు. ఆ బోర్డు ముందు నిలబడి ఎవర్నీ తిట్టకండి. తిట్టిన మర్నాటి నుంచి కారణం గడిలో "కరెంటు పోయింది" తప్ప ఇంకేమీ కనిపించదు. ఫీడ్‌బ్యాక్ మీద క్లూగర్, డెనిసీ 1996లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదకి వెళ్ళినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. "ఐడీ (లోపలి వ్యాసం) 20 మైక్రాన్లు పైకి జరుగుతోంది" అన్నది పని మీద మాట. "నీకు శ్రద్ధ లేదు" అన్నది మనిషి మీద మాట.

డబ్బు ఇస్తే పని మీది ఇష్టం పోతుందన్న మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డేసీ మాట కూడా మీరు చదివే ఉంటారు. 1971లో పజిల్ ఆటతో చేసిన ప్రయోగం అది, పజిల్‌కి డబ్బులిచ్చిన విద్యార్థులు డబ్బు ఆగాక ఖాళీ సమయంలో దాన్ని తక్కువ ముట్టుకున్నారు. రోజుకి వంద సార్లు అదే పీసు బిగించి తీసే పనిలో పోగొట్టుకోవడానికి అంత ఇష్టమేమీ లేదు, ఆ భయం ఆపరేటర్ విషయంలో పెట్టుకోకండి. సెట్టర్ పని అలా కాదు, అది పజిలే. అక్కడ స్వేచ్ఛ తగ్గించొద్దు: ఏ ఇన్సర్ట్ గ్రేడ్ వాడాలో, ఏ వరసలో కట్ తీసుకోవాలో అతన్నే నిర్ణయించనివ్వండి. ఆపరేటర్ పనిని కాస్త మనిషి పని చెయ్యాలంటే పనిని ఎలా మలచాలో రాసిన హాక్‌మన్, ఓల్డ్‌హమ్ చెప్పినవాటిలో రెండు చాలు. తన పీసు తనే మైక్రోమీటర్‌తో కొలిచి చార్ట్ మీద చుక్క పెట్టుకోవడం ఒకటి. ఆ పీసు ఏ పంపులో, ఎక్కడ కూర్చుంటుందో కస్టమర్ అసెంబ్లీ ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టడం ఇంకొకటి.

సెట్టర్లు తగ్గారు కదా, బాగా తీసే ఆపరేటర్‌ని సూపర్‌వైజర్ చేద్దామనుకుంటున్నట్టు చివర్లో రాశారు. ఆగండి. తనంతట తను సాధించాలన్న తపన వేరు, నలుగురి చేత చేయించాలన్న కోరిక వేరని డేవిడ్ మెక్‌క్లెలండ్ వేరు చేసి చూపించాడు. మొదటిదాన్ని శిక్షణతో పెంచొచ్చా అని ఆయన 1964లో పరీక్షించింది మన కాకినాడ వ్యాపారస్తుల మీదే, శిక్షణ హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో జరిగింది. మొదటి తపన ఉన్నవాడిని సూపర్‌వైజర్ చేస్తే ఎవరి చేతిలోంచైనా టూల్ లాక్కుని తనే బిగిస్తాడు. అతన్ని సెట్టర్ ట్రైనీ చెయ్యండి.

పాత స్కీమ్ ఆపే పద్ధతి. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో రాసిన అధ్యయనంలో, ఒకే కంపెనీ రెండు ప్లాంట్లలో పది వారాల పాటు జీతం 15% తగ్గించారు. ఒకచోట కారణం వివరంగా, లెక్కలతో, బాధపడుతున్నామని చెప్పి చెప్పారు. ఇంకోచోట పొడిగా నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయారు. రెండోచోట దొంగతనాలు చాలా ఎక్కువ పెరిగాయి. కోత రెండుచోట్లా ఒకటే.

కాబట్టి షిఫ్ట్ మొదలయ్యే ముందు, రెండు షిఫ్టులకీ విడివిడిగా, ఓనర్ కూడా పక్కన ఉండగా చెప్పండి. స్కీమ్ తప్పు మాదని, ఆపరేటర్లది కాదని ముందే ఒప్పుకోండి. 93%, 95% లెక్క బోర్డు మీద వేసి చూపించండి. కన్నడంలో, హిందీలో కూడా చెప్పించండి, మీ తెలుగు వాళ్ళకి విడిగా మీటింగ్ పెట్టకండి. పాత స్కీమ్‌లో సంపాదించినవాళ్ళకి వాళ్ళ మూడు నెలల సగటు మొత్తాన్ని ఇంకో మూడు నెలలు హామీగా ఇవ్వండి. కొత్త లెక్కలో తక్కువొస్తే తేడా కంపెనీ భరిస్తుంది. స్టాండర్డ్ టైమ్ ఏడాది మార్చమని రాసి సంతకం పెట్టండి, మెషిన్ గానీ ప్రాసెస్ గానీ మారితే తప్ప. ఆ తర్వాత వినండి. బెంగళూరు గార్మెంట్ కార్మికుల మీదే జరిగిన ఇంకో అధ్యయనంలో, 2016లో కనీస వేతనం ఆశించినంత పెరగక నిరాశపడ్డవాళ్ళలో కొందరికి పేరు లేకుండా అభిప్రాయం చెప్పే అవకాశం ఇస్తే, వాళ్ళు మానెయ్యడం మిగతావాళ్ళకన్నా 20% తక్కువగా ఉంది. అదనంగా ఒక్క రూపాయి ఇవ్వలేదు.

కొత్త స్కీమ్‌ని మొదటి నెల ఫలితంతో కొలవకండి. కొత్తదేదైనా మొదటి నెల పనిచేసినట్టే ఉంటుంది, మీ పాతదీ అలాగే మిమ్మల్ని మోసం చేసింది. మూడో నెల రిజెక్షన్, ఇన్సర్ట్ ఖర్చు, సెట్టర్ల హాజరు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

వెళ్ళిపోయిన ఇద్దరు సెట్టర్లకి ఫోన్ చెయ్యండి. "ఎందుకు మానేశావు" అని అడిగితే "ఇంటి దగ్గర ఇబ్బంది" అంటారు. "మన దగ్గర రోజులో అన్నిటికన్నా విసుగొచ్చే అరగంట ఏది" అని అడగండి. వాళ్ళ ఫైనల్ సెటిల్‌మెంట్ అకౌంట్‌లో పడ్డాకే చెయ్యండి ఆ ఫోన్. డబ్బు మీ దగ్గర బాకీ ఉన్నన్నాళ్ళూ నిజం చెప్పరు.